విరగని ఏడు అగ్గిపుల్లలు

కార్నీ డెలహంటీ తన జీవితంలో ఆంబ్రోస్ పెంగెలీకి పడ్డ ఓట్లు పదకొండుసార్లు లెక్కపెట్టాడు. పదకొండుసార్లూ ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆస్ట్రేలియాలో డార్లింగ్ నది పొడవునా ఉన్న గొర్రెల షెడ్లలో వంటవాణ్ణి యజమాని పెట్టడు. ఉన్ని కోసేవాళ్ళే ఎన్నుకుంటారు. జీతం వాళ్ళదే, తిట్లూ వాళ్ళవే. షెడ్డుకి చేరిన సాయంత్రమే మొదటి ఓటు. వంట కుదరకపోతే రెండో ఓటు. మిగతా వంటవాళ్ళ మీద ఆ రెండో ఓటు ఏ మూడేళ్ళకో ఒకసారి పడేది. ఆంబ్రోస్ మీద ప్రతి షెడ్డులోనూ పద్నాలుగో రోజున పడేది.

మొదటి ఓటులో అతను ఎప్పుడూ ఓడిపోలేదు. మనిషి గుండ్రంగా, శుభ్రంగా ఉండేవాడు. తెల్లటి ఆప్రాన్ కట్టుకుని, చేతులు ముందుకి చాపి, అటూ ఇటూ తిప్పి చూపించేవాడు. మెల్లగా మాట్లాడేవాడు. అతన్ని చూస్తేనే ఆకలేసేది. ముప్ఫై మంది కోతగాళ్ళు ఆ సాయంత్రం అతనికి ఓటేసి, మర్నాడు మధ్యాహ్నం ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు.

అతను వంటలో ఉప్పు వెయ్యడు. అన్నిట్లోనూ టర్నిప్ దుంప వేస్తాడు. పుడ్డింగులో కూడా.

పుట్టింది సౌత్ ఆస్ట్రేలియాలో, మూంటా రాగి గనుల దగ్గర. తండ్రి గనిలో నీళ్ళు తోడే యంత్రం దగ్గర పని చేసేవాడు, ఆదివారాలు ప్రొటెస్టెంట్ల చాపెల్లో ప్రసంగించేవాడు. మనిషిలోకి సైతాను నాలుక మీదుగానే దిగుతాడని, వాడికి దారి చూపించేది ఉప్పేనని ఆయన నమ్మకం. పెంగెలీల ఇంట్లో ఉప్పు కొనలేదు. పదిహేనేళ్ళ వయసులో ఆంబ్రోస్ గని కార్మికులు భోంచేసే ఇంట్లో వంటకి కుదిరాడు. రెండు నెలల్లో అక్కడి వాళ్ళలో సగం మందికి పెళ్ళిళ్ళయిపోయాయి. ఇంకో మార్గం తోచక చేసుకున్నారని అక్కడ చెప్పుకునేవారు.

ఓట్లు లెక్కపెట్టేటప్పుడు వంటవాడు అక్కడ ఉండకూడదన్నది షెడ్ల పద్ధతి. ఆంబ్రోస్ వెళ్ళి కట్టెల మోపు దగ్గర నిలబడేవాడు. లెక్కపెట్టేది కోతగాళ్ళు తమలోంచి ఎంచుకున్న షెడ్డు పెద్ద. కార్నీ ఎక్కడికెళ్ళినా పెద్ద అతనే అయ్యేవాడు. పొడుగాటి మనిషి, ఐరిష్ కాథలిక్కు, నవ్వడం తక్కువ. లెక్క ముగించుకుని టోపీ చేత్తో పట్టుకుని కట్టెల మోపు దగ్గరికి నడిచేవాడు.

"ఎన్ని, కార్నీ?"

"ముప్ఫై ఒకటి."

"ఉండమనా?"

"పొమ్మని."

"మరి ఉండమని?"

"లేదు ఆంబ్రోస్."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

ఆంబ్రోస్ తలూపి ఆప్రాన్ విప్పి, నాలుగు మడతలు పెట్టేవాడు. "సరేలే. కూర ఇంకా ఉంది. వేడి చేసి పెట్టి వెళ్తాను."

"అబ్బే, నీకెందుకా శ్రమ," అనేవాడు కార్నీ తొందరగా.

ఒక్కసారి, మొరెల్లా షెడ్డులో, 'ఉండమని' ఒక ఓటు వచ్చింది. ఆంబ్రోస్ కళ్ళు మెరిశాయి. కార్నీ మర్నాడు విచారించాడు. ఆ ఓటు వేసినవాడు ఆ సాయంత్రమే షెడ్డుకి చేరాడు. ఇంకా భోంచెయ్యలేదు. ఆ సంగతి కూడా కార్నీ ఆంబ్రోస్‌కి చెప్పేశాడు.

మరుసటి షెడ్డుకి ఇద్దరూ దుప్పట్లు భుజానేసుకుని ఎర్రమట్టి దారిలో నడుస్తున్నప్పుడు ఆంబ్రోస్ తన మనసులో మాట బయటపెట్టాడు.

"మొదటి ఓటు లెక్కలోకి రాదు కార్నీ. అది నా మొహానికి వేసింది. నా చేతి కూర తిన్నవాడు, తిన్నాక, నాకు ఓటెయ్యాలి. ఎక్కువ మంది అక్కర్లేదు."

"ఉప్పెయ్యి. వేస్తారు."

"అప్పుడది ఉప్పుకి వేసిన ఓటవుతుంది."

కార్నీ దుప్పటి రెండో భుజానికి మార్చుకున్నాడు.

"పోనీ నువ్వెయ్యొచ్చుగా? తింటున్నావుగా?"

"లెక్కపెట్టేవాడు జాలిపడితే ఇంక లెక్కెక్కడుంది?" అన్నాడు కార్నీ.

అందులో సగమే నిజం. రెండో సగం, అతనికి ఆ కూర బొత్తిగా సయించేది కాదు.

*

మొదటి ప్రపంచయుద్ధం రెండో ఏడు, కోతలు అయిపోయాక, నది వెంబడి షెడ్లవాళ్ళు గుంపుగా బర్క్ ఊరికి వెళ్ళి సైన్యంలో చేరారు. ఆంబ్రోస్ కూడా చేరాడు. సైనికుణ్ణి ఎవరూ ఓటేసి తీసెయ్యరు కదా అని కార్నీతో అన్నాడు. కాయితంలో వృత్తి అన్న చోట 'కూలి' అని రాశాడు. దేవుడు కరుణించాడనుకున్నారు తోటివాళ్ళు.

మొదటి క్యాంపులో సార్జెంటు వరస ముందు నిలబడి అరిచాడు. "మీలో వంట తెలిసినవాడు ఎవడైనా ఉన్నాడా?"

నది వెంబడి మనుషులందరూ ఊపిరి బిగబట్టారు. కార్నీ పక్కనున్న ఆంబ్రోస్ కాలు తొక్కి పట్టాడు. రూఫస్ గొలైట్లీ అనే ఎర్రజుట్టు కోతగాడు, ఆ వరసలోకల్లా పెద్ద నోరున్నవాడు, "ఎవడూ లేడు సార్, మేమంతా పచ్చిమాంసం తినేవాళ్ళం!" అని కేక పెట్టాడు.

ఆంబ్రోస్ చాపెల్లో పెరిగినవాడు. అబద్ధం ఆడడం చేతకాదు, పక్కవాడు ఆడినా ఊరుకోలేడు.

"నేనున్నాను సార్," అన్నాడు.

వరస మొత్తం ఒక్కసారి మూలిగింది. గాలి మారిందేమోనని సార్జెంటు ఆకాశంలోకి చూశాడు.

దళాన్ని ముందు ఈజిప్టుకి పంపారు. అక్కడ టర్నిప్ దొరకదని తెలిసి వాళ్ళు చాలా సంతోషించారు. మూడో వారం దొరికింది. ఫ్రాన్స్‌లో అయితే వెతకాల్సిన పని కూడా లేకపోయింది, ఏ పొలం చూసినా అదే. సైన్యం ఉప్పు సరఫరా చేసేది. ఆంబ్రోస్ దాన్ని గుర్రాలకి పెట్టేవాడు. ఆ దళం గుర్రాలు మహా నిగనిగలాడుతూ ఉండేవి.

ఫ్రాన్స్‌లో అయిదు నెలలు గడిచాక, జనవరిలో, ఒక పల్లెటూరి గడ్డి కొట్టంలో గొలైట్లీ లేచి నిలబడి, తన గిన్నె బోర్లించి పైకెత్తాడు. గిన్నెలో కూర కింద పడలేదు.

"పెద్దా, ఇదేదో తేల్చేద్దాం. ఓటు పెట్టు."

"ఇది షెడ్డు కాదురా," అన్నాడు కార్నీ.

"తినేది మనమా, రాజుగారా?"

"మనమే."

"మరింకేం?"

ఆ దళంలో షెడ్లలో పనిచేసినవాళ్ళు ఇరవైఏడు మంది. వాళ్ళకి మాత్రమే ఓటని చెప్పి, కార్నీ టోపీ తీశాడు. సరిగ్గా అప్పుడే లెఫ్టినెంటు ఫాన్షా తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర దొర.

"ఏం జరుగుతోందిక్కడ?"

"ఓటింగ్ సార్."

"దేని మీద?"

"వంటవాడి మీద సార్."

"వంటవాడి మీద ఓటేమిటయ్యా! అతన్ని నియమించింది సైన్యం."

"మేమూ అదే అంటున్నాం సార్," అన్నాడు గొలైట్లీ. "ఎవరో పెట్టారు, మేం తింటున్నాం."

"ఇలాగే వదిలేస్తే రేపు నన్ను కూడా ఓటేసి తీసేస్తారా?"

అందరూ ఆ విషయం ఆలోచిస్తున్నట్టు కనిపించారు. లెఫ్టినెంటు మొహం కందిపోయింది. దీన్ని తిరుగుబాటంటారని చెప్పి, కార్నీనీ గొలైట్లీనీ మేజరు ముందుకి నడిపించాడు.

మేజరు బల్ల వెనక కూర్చుని అంతా విన్నాడు. బాధితుణ్ణి పిలిపించమన్నాడు. ఆంబ్రోస్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పెంగెలీ, వీళ్ళు నిన్ను తీసెయ్యాలని ఓటు పెట్టబోయారట. నీ ఫిర్యాదేమిటి?"

"ఉందండి ఫిర్యాదు," అన్నాడు ఆంబ్రోస్. "ఏడాది కావస్తోందండి. ఇంతవరకూ పెట్టలేదు."

"ఏం పెట్టలేదు?"

"ఓటండి. ఎన్నుకోని వంటవాడు వంటవాడేనా అండి? మీ హుకుంతో గరిటె పట్టుకున్నాను. రోజూ సిగ్గుగానే ఉందండి. వాళ్ళు పొమ్మంటే పోతాను. అడగనైనా అడగాలి కదండీ."

లెఫ్టినెంటు నోరు తెరిచాడు. మేజరు చెయ్యెత్తి ఆపాడు. మేజరుకి స్వదేశంలో పద్దెనిమిది వేల గొర్రెలున్నాయి. ఉన్ని కోతగాళ్ళ వంటింటి గొడవల్లో తలదూర్చిన యజమానికి ఆ ఏడు ఉన్ని గొర్రె మీదే ఉండిపోతుందని ఆయనకి లెఫ్టినెంటు కంటే బాగా తెలుసు.

"లెక్కపెట్టేది ఎవరు?" అని అడిగాడు.

"నేను సార్," అన్నాడు కార్నీ.

"సరిగ్గా లెక్కపెట్టు. నేనేమీ వినలేదు. ఫాన్షా, నువ్వూ వినలేదు."

*

ఓటు పెట్టేలోపలే దళాన్ని కందకాల్లోకి పంపారు. అక్కడ బురద మోకాళ్ళు దాటి ఉంది. కాయితం ముట్టుకుంటే ముద్దయిపోతోంది. అగ్గిపుల్లలతో కానిద్దామన్నాడు కార్నీ. మనిషికొక పుల్ల. పొమ్మనేవాడు విరిచి వెయ్యాలి, ఉండమనేవాడు విరవకుండా వెయ్యాలి. ఇనప టోపీ మీద గోనెగుడ్డ కప్పి చేతి నుంచి చేతికి అందించుకోవాలి. ఆదివారం పొద్దున ఓట్లు, భోజనాల తర్వాత లెక్క.

ముందురోజు ఆంబ్రోస్ కార్నీని పక్కకి పిలిచాడు.

"రేపు భోజనం డబ్బా నేనే మోసుకొస్తాను. ఓట్లు పడే చోట నేనుండకూడదు కదా. వెనకాల పొయ్యి దగ్గరుంటాను. వేడివేడిగా తెచ్చి, మీరు తింటుండగా అవతలకి వెళ్ళిపోతాను. అప్పుడు లెక్కపెట్టు."

"మొయ్యడానికి వేరే మనుషులున్నారు కదా."

"వాళ్ళు ఒలకబోస్తున్నారు కార్నీ."

అలా ఒలకబోయడం కోసం వాళ్ళకి దళం తరఫున సిగరెట్లు ముడుతున్న సంగతి కార్నీ చెప్పలేదు. లెక్కలో అబద్ధం ఆడకూడదు గానీ, అన్ని నిజాలూ చెప్పి తీరాలని ఎక్కడా లేదు.

"ఈసారి ఎన్నంటావు?" అని అడిగాడు ఆంబ్రోస్.

"ఆశ పెట్టుకోకు."

"పెట్టుకోనులే," అన్నాడు ఆంబ్రోస్. అతని మొహం చూస్తే, అయిదు షెడ్లలో కట్టెల మోపు దగ్గర ఎంత ఆశ పెట్టుకున్నాడో ఇప్పుడూ అంతే పెట్టుకున్నాడని తెలిసిపోతోంది.

ఆదివారం పొద్దున టోపీ తిరిగింది. ఇరవైఏడు పుల్లలు పడ్డాయి. ఒకటి కార్నీది. అతను తనది విరిచే వేశాడు.

మధ్యాహ్నం ఆంబ్రోస్ వీపుకి డబ్బా కట్టుకుని చెక్కల బాట మీద నడిచి వస్తున్నాడు. కందకం ఇంకా నూట యాభై గజాలుందనగా ఫిరంగి గుండు పడింది. ఒక్కటే గుండు. ఆ పూట మళ్ళీ ఏదీ పడలేదు.

కార్నీ, గొలైట్లీ పరిగెత్తుకెళ్ళారు. అతను బోర్లా పడి ఉన్నాడు. డబ్బా వీపు మీద నిలువుగానే ఉంది. మూత కూడా ఊడలేదు. అతని వయసు ముప్ఫై ఏడు.

చెక్కల బాట పక్కనే పూడ్చిపెట్టారు. కార్నీ తనకొచ్చిన ప్రార్థన చదివాడు. అది కాథలిక్కు ప్రార్థన. చాపెల్ వాడికి పనికొస్తుందో లేదోనని గొలైట్లీ సందేహపడ్డాడు. పనికిరాకపోతే పైవాళ్ళే మార్చుకుంటారులే అన్నాడు కార్నీ.

డబ్బా కందకంలోకి తెచ్చారు. వేడిగానే ఉంది. ఎవరి గిన్నె వాళ్ళు పట్టారు. తిన్నారు. ఆ రోజు కూరని ఎవరూ ఏమీ అనలేదు.

"లెక్క వద్దులే పెద్దా," అన్నాడు ఎవరో. "ఆ పుల్లలు పారేద్దాం."

"పోయినవాణ్ణి పొమ్మనడమేమిటి?" అన్నాడు ఇంకొకడు.

కార్నీ ఒప్పుకోలేదు. "ఓట్లు పడ్డప్పుడు మనిషి బతికున్నాడు. ఆ లెక్క అతనిది. మనం పారెయ్యడానికి లేదు."

గోనెగుడ్డ తీసి, పుల్లల్ని ఒక్కొక్కటే ఒక పలక మీద పేర్చాడు. విరిగినవి ఒక పక్క. విరగనివి ఒక పక్క. ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"పొమ్మని ఇరవై. ఉండమని ఏడు."

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఏడా! ఎవర్రా ఆ ఏడుగురూ?"

"నేను కాదు బాబూ. నాకు కడుపుంది."

"నా వంక చూడకు. నా పుల్ల రెండుచోట్ల విరిచాను."

గొలైట్లీ గోడకి ఆనుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. "అగ్గిపుల్లలు ఎంత కరువుగా ఉన్నాయో తెలుసుగా. పొడి పుల్లని విరవడానికి చేతులు రాని పిసినారులు ఏడుగురున్నారు, అంతే," అన్నాడు.

అందరూ నవ్వారు. కార్నీకి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. ఆ మాట నిజమైతే ఆ ఏడూ ఆంబ్రోస్‌కి పడ్డ ఓట్లే కావు.

కందకాల నుంచి వెనక్కి వచ్చాక కార్నీ మూంటాకి ఉత్తరం రాశాడు. ఆంబ్రోస్‌కి ఉన్నది ఒక్క అక్క, థర్జా. ధైర్యం గురించీ దేశం గురించీ రాయడం లెఫ్టినెంటు పని. కార్నీ ఓటు సంగతి రాశాడు. ఉండమని ఏడు ఓట్లు వచ్చాయనీ, ఓటర్లందరూ ఏడాదిగా అతని కూర తిన్నవాళ్ళేననీ రాశాడు. పొమ్మన్నవి ఇరవై అని కూడా రాశాడు. అగ్గిపుల్లల కరువు గురించి రాద్దామా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, రాయలేదు.

నాలుగు నెలలకి జవాబొచ్చింది. "నేను ఇన్ని అనుకోలేదు," అని రాసిందామె.

కొత్త వంటవాడు బాలరట్‌లో పెద్ద హోటల్లో పనిచేసినవాడు. బాగా వండేవాడు. అతని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

*

ఇరవైఏడు మందిలో తిరిగొచ్చినవాళ్ళు పద్నాలుగు మంది. ఏటా ఏప్రిల్‌లో బర్క్‌లో, నది ఒడ్డున ఉన్న సారాయి హోటల్లో కలుసుకునేవాళ్ళు. మొదటి ఏడు రెండో గ్లాసు దగ్గర ఒకడు గొంతు సవరించుకుని, ఆ ఏడుగురిలో తానొకణ్ణని చెప్పాడు. అందరూ అతని భుజం తట్టారు. మర్నాటికి ముగ్గురయ్యారు. మరుసటి ఏడు ఆరుగురు. ఆ పై ఏడు తొమ్మిది మంది. కార్నీ లేచి, దయచేసి లెక్క చూసుకోండని అన్నాడు.

"ఏడుగురిలో కొందరైనా అక్కడే పోయి ఉంటారు కదర్రా. ఇక్కడ తొమ్మిది మంది ఎలా ఉంటారు?"

"నువ్వు తప్పు లెక్కపెట్టావేమో పెద్దా."

కార్నీ జీవితంలో ఆ మాట అన్నవాడు లేడు. గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అప్పటికి తాము ఆ ఏడుగురిలోవాళ్ళం అనని మనుషులు అయిదుగురే మిగిలారు. వాళ్ళలో కార్నీ ఒకడు. గొలైట్లీ ఒకడు. గొలైట్లీ మూల కూర్చుని ఎప్పటిలాగే అగ్గిపుల్లల పిసినారుల గురించి జోకు వేస్తున్నాడు.

ఆ ఏడు చలికాలంలో కార్నీ రైళ్ళు మారుతూ మూంటాకి వెళ్ళాడు. ఎందుకెళ్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. ఆ లెక్క ఆమె దగ్గరుంది. ఆమె దగ్గరైనా అది ఏడుగానే ఉండాలి.

థర్జా పెంగెలీ గుండ్రంగా, శుభ్రంగా ఉంది. తెల్లటి ఆప్రాన్ కట్టుకుంది. ఆమెను చూడగానే కార్నీకి ఆకలేసింది. వెంటనే భయమూ వేసింది. తన పేరు చెప్పాడు.

"కూర్చోండి. భోజనం వేళకే వచ్చారు," అందామె.

బల్ల మీద ఉప్పు లేదు. ఆవిర్లు కక్కుతున్న గిన్నెలోంచి కార్నీ బాగా ఎరిగిన వాసనే వస్తోంది. ఆమె పళ్ళెం నిండా వడ్డించింది. అతను ఒక చెంచా నోట్లో పెట్టుకుని మింగాడు. పదిహేనేళ్ళు వెనక్కి వెళ్ళినట్టయింది.

"ఆ ఏడుగురిలో వాళ్ళమంటూ ఇంతకు ముందు ముగ్గురు వచ్చి వెళ్ళారు. మీరు నాలుగో మనిషి," అంది థర్జా.

కార్నీ చెంచా కింద పెట్టాడు. "వాళ్ళు భోంచేశారా అమ్మా?"

"ఒకాయన సగం వదిలేశాడు. ఒకాయనకి రైలుకి టైమయిపోయిందట, ముట్టుకోలేదు. మూడో ఆయన రెండు పళ్ళాలు తిన్నాడు. రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని మరీ తిన్నాడు. తింటూ వంట గురించి ఒకటే తిట్టు. నాకు నవ్వాగలేదు. పాపం, ఈ సంగతి మిగతావాళ్ళకి చెప్పొద్దని బతిమాలి వెళ్ళాడు."

"ఎలా ఉంటాడు?"

"ఎర్రజుట్టు. పెద్ద నోరు."

కార్నీ కిటికీలోంచి బయటికి చూశాడు. మూసేసిన గని పొగగొట్టం నిలబడి ఉంది.

"అతను ఏడుగురిలో వాడేనమ్మా," అన్నాడు చివరికి. "మిగతా ఇద్దరి సంగతి నాకు తెలియదు."

"మరి మీరు?"

ఆమె మెల్లగానే అడిగింది. ఆంబ్రోస్ గొంతే. కార్నీ పొడుగాటి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నాది విరిచి వేశానమ్మా."

థర్జా అతని వంక చూసింది. కోపం రాలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ ఉత్తరం రాసిన మనిషి అలాగే వేసుంటాడనుకున్నాను. ఇరవై అని కూడా రాశారు కదా. అందుకే ఏడు కూడా నిజమేనని నమ్మాను," అంది.

కార్నీ చెంచా తీసుకున్నాడు. తల వంచుకుని, పళ్ళెంలో ఉన్నదంతా, టర్నిప్ ముక్కలతో సహా, తిన్నాడు. అందుకు చాలాసేపు పట్టింది. ఆమె ఎదురుగానే కూర్చుని చూసింది. పళ్ళెం ఖాళీ కాగానే లేచి గరిటె నిండా తీసింది.

కార్నీ పళ్ళెం మీద చెయ్యి అడ్డుపెట్టాడు.

"చాలమ్మా. ఏడు ఏడుగానే ఉండాలి."